పసుపుకొమ్ము కాలేలోగా

కరీమున్ మంత్రసాని కాదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా పర్చూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆవిడ బొడ్డు కోయదు, నాడి పట్టదు, మందివ్వదు. ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచీ కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి వస్తూ పోతూ ఉంటుంది. నొప్పులొస్తే వెంట ఆస్పత్రికి పోయి నడుం నిమురుతూ కూర్చుంటుంది. ఇంటికొచ్చాక బాలింత వేళకింత తిన్నదా, కాస్త కన్నంటుకుందా అని కనిపెట్టుకుని, పురుడు వెళ్లేదాకా ఆ ఇంటి మనిషిలాగే మసులుతుంది. దీన్నేమంటారని అడిగితే "తోడు కూర్చుంటా" అనేది. కూర్చోవడం కూడా ఒక పనేనా అని వెటకారమాడిన మొగుళ్లంతా, తమ పెళ్లాలకు నొప్పులు మొదలవగానే చెప్పులు కూడా వేసుకోకుండా ఆవిడ గుమ్మానికే పరుగెత్తారు.

ఆవిడ మొగుడు రంజాన్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పురిటికి వెళ్లే ప్రతి ఇంటికీ కరీమున్ అతని చేత ఒక బుల్లి పరుపు కుట్టించి పట్టుకెళ్లేది. మిగతా బట్టలు ఆ ఇంటివాళ్లే చూసుకోవాలి. పురుడు వెళ్లేదాకా బిడ్డకు కొత్తబట్ట తగలకూడదు, పెద్దవాళ్లు కట్టి వదిలిన పాత బట్టలోనే చుట్టాలన్నది అక్కడి పద్ధతి. కరీమున్ దాన్ని ఎప్పుడూ కాదనలేదు. పాత నూలు బట్టంత మెత్తనిది మరొకటి లేదని దూదితో బతికే ఇంటి మనిషికి ఒకరు చెప్పాలా?

ఆవిడకు ఇంకో పట్టింపు కూడా ఉంది. ఒక పిల్లకు తోడుంటానని ఒప్పుకున్నాక మిరప చేను గట్టు తొక్కదు. కాయ కోసిన చేతులు రోజుల తరబడి మండుతాయి, అలాంటి చేతులతో పసిబిడ్డను ముట్టుకోవడం పాపమనేది. ఊరంతా కోతకు పోతుంటే ఈవిడ ఒక్కతే ఇంట్లో కూర్చునేది. ఆ విషయంలో కరీమున్‌కు కాస్త గర్వం కూడా ఉండేది, అది దాచుకునేది కూడా కాదు.

ఆ ఫాల్గుణంలో ఆవిడ తోడున్నది బుల్లయ్య గారి కోడలు శ్రీరమ్యకు. పచ్చపురుగు పత్తిని తినేశాక బుల్లయ్య ఉన్న పొలమంతా మిరప వేశాడు, కాపు బాగానే దిగింది. ఊరి చుట్టూ ఎటు చూసినా కళ్లాల్లో కాయలు ఎర్రగా ఎండుతున్నాయి. ఆ నెలల్లో ఆ ఊళ్లో అందరూ తుమ్ముతారు, అందరి కళ్లూ నీరు కారుతుంటాయి, ఎవరూ దాని సంగతి ఎత్తరు.

శ్రీరమ్యకు ఇది రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లో జరిగింది. మగపిల్లాడు. పుట్టిన వారంలోపే పాలు తాగడం మానేసి, ఏడ్చి ఏడ్చి పోయాడు. పోయిన బిడ్డకు నీళ్లు పోస్తున్నప్పుడు వాడి పొట్ట మీద కాల్చిన మచ్చలు కనపడ్డాయి. తను నిద్రపోతున్నప్పుడు పెద్దవాళ్లు వాతలు పెట్టించారని శ్రీరమ్యకు అప్పుడే తెలిసింది. మంచికే పెట్టించామన్నారు. బిడ్డ ఎందుకు పోయాడో, వాతల వల్లో, రోగం వల్లో, ఎవరూ చెప్పలేకపోయారు.

ఏడో నెలలో కరీమున్ మొదటిసారి వచ్చి కూర్చున్నప్పుడు ఆ పిల్ల అడిగింది ఒకే ఒక్కటి. నొప్పులు తగ్గించమనలేదు, మగపిల్లాడు పుట్టాలనలేదు.

"ఈసారి నాకు తెలీకుండా నా బిడ్డనెవరూ ఏం చెయ్యకుండా చూడు పిన్నీ."

కరీమున్ ఆమె తల మీద చెయ్యి వేసి సరేనంది. అలాంటి మాట ఇవ్వడం ఎంత బరువో అప్పుడు కరీమున్‌కు తెలియలేదు. తెలిసినా ఇచ్చి ఉండేదే.

ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలో మంచి ఏడుపు, మంచి రంగు, మొదటి పూటే రొమ్ము పట్టింది. ఇంటికొచ్చిన రోజు శ్రీరమ్య అత్తగారు బసవమ్మ తన అత్తగారు వెంకాయమ్మ కట్టి వదిలిన చీరాల నేత చీర తెచ్చి కరీమున్ చేతిలో పెట్టింది. వెంకాయమ్మ నిండు నూరేళ్లు బతికిన మనిషి. ఆ చీరలో చుట్టిన బిడ్డకు ఆ ఆయుష్షే వస్తుందని బసవమ్మ నమ్మకం. అటక మీద ఉంటే దింపి, కాలవలో ఉతికి, బండకేసి బాది, ఎండలో ఆరేసి మరీ తెచ్చానంది. చీర వెన్నలా ఉంది. కరీమున్ ముచ్చటపడి దాన్ని నాలుగు ముక్కలు చేసింది. వరండాలో బుల్లయ్య మాత్రం, తన మూట విప్పేసి అంతా గోనెసంచిలో పోశారని, ఇక పురుగు పట్టదా అని సణుగుతున్నాడు. ఆ ఇంట్లో బుల్లయ్య సణుగుడు ఎవరు వింటారు గనక? కరీమున్ కూడా వినలేదు.

మర్నాటి నుంచి పిల్ల ఏడుపు మొదలైంది. కరీమున్ రోజూ ఒళ్లంతా నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తే, ఆ కాసేపూ కళ్లు అరమోడ్చి హాయిగా ఉండేది. నీళ్లు పోశాక కూడా ఇంకో చుక్క నూనె అద్ది, చీరముక్కలో చుట్టి తల్లి పక్కన పెట్టగానే మొదలుపెట్టేది. మొదట కుయ్యోమని, తర్వాత ఇల్లెగిరిపోయేలా. రొమ్ము నోట్లో పెడితే ఒకసారి చప్పరించి, తల వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడ్చేది. నాలుగోనాటికి గొంతు బొంగురుపోయింది. ఒంటి మీద అక్కడక్కడా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఆ మధ్యాహ్నానికి అసలు పాలు తాగడమే మానేసింది.

ఆస్పత్రికి తీసుకెళ్దామని కరీమున్ పొద్దుటి నుంచీ పోరుతూనే ఉంది. బసవమ్మ విననే లేదు. మొదటివాణ్ణి కూడా ఆస్పత్రిలో చూపిస్తే అంతా బాగుందనే పంపారు కదా అంది. ఆవిడ కొడుకు కోటేష్ ఒక మూల నిలబడి భార్య వంకా తల్లి వంకా చూశాడు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పకుండా మోపెడ్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆస్పత్రికి ఆటో మాట్లాడటానికి వెళ్లాడనుకుంది కరీమున్. ప్రాణం కాస్త కుదుటపడింది.

బండి తిరిగొచ్చినప్పుడు వెనక సీటు మీంచి చెంచయ్య దిగాడు.

చెంచయ్యను చూస్తే భయపడేలా ఏమీ ఉండడు. బక్కపలచటి ముసలాయన, మాట కూడా మెత్తన. పక్క ఊళ్లో ఉంటాడు. పసిబిడ్డ గుక్కపట్టినా, డొక్కలెగరేసినా ఆయన్నే పిలుస్తారు. పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి పొట్ట మీద చురకలు పెడతాడు. కరీమున్ ఆయన్ని చాలా ఇళ్లలో చూసింది. ఆయన చెయ్యి పడ్డ పిల్లల ఏడుపు కూడా విన్నది. ఇప్పుడాయన నింపాదిగా కాళ్లు కడుక్కుని, కుంపటి తెమ్మన్నాడు.

ఆమె కోటేష్‌కు అడ్డం వెళ్లి నిలబడింది. "ఇదేం పని అబ్బాయ్? మొదటి బిడ్డ సంగతి మర్చిపోయావా?"

సమాధానం బసవమ్మ చెప్పింది. కోడలి పుట్టింట్లో వాతలు ఆలస్యంగా పెట్టారు, అందుకే పోయాడు అంది. ప్రాణం పోయే ముందు పెడితే ఏం లాభమంది. అంటూనే కొడుకు చొక్కా పైకెత్తింది. బొడ్డు చుట్టూ పాత మచ్చలు, పావలా బిళ్లంతవి, తెల్లగా నిగనిగలాడుతున్నాయి.

"చూడవే కరీమూ. వీడూ ఇట్టాగే పాలు తాగకుండా ఏడ్చాడు. నా చేతుల్తోనే పట్టుకున్నా, చెంచయ్య వాళ్ల అయ్య పెట్టాడు. వీడు బతికి నా ఎదురుగా ఉన్నాడా లేదా?"

ఒక్కడు బతికి ఎదురుగా నిలబడితే ఏం వాదిస్తాం? పైగా బసవమ్మ దుర్మార్గురాలు కాదు. ఒక మనవణ్ణి పోగొట్టుకుని రెండో బిడ్డ కోసం వణికిపోతున్న మనిషి. దుర్మార్గులైతే తిట్టి బయటికి తోలొచ్చు. ప్రేమతో నిప్పు పట్టుకొచ్చేవాళ్లను ఎట్లా తోలుతాం? కరీమున్‌కు ఒళ్లు మండిపోయింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ దిగమింగి ఒక్కటే అడిగింది. నిప్పులు రాజుకునే లోపల బిడ్డతో ఒక్కసారి పాలు తాగించి చూస్తాను, తాగితే చెంచయ్య వెళ్లిపోవాలి.

చెంచయ్యే ముందు తలూపాడు. కొమ్ము ఎర్రబడటానికి ఎలాగూ కాస్త టైం పడుతుందన్నాడు. బసవమ్మ సరేనంది. తాగదని ఆవిడకు తెలుసు.

గదిలో శ్రీరమ్య గోడకానుకుని కూర్చుంది. అంతా విన్నదని ముఖమే చెబుతోంది. బిడ్డను చీరముక్కతో సహా గుండెకు అదుముకుని, తలుపు వేసి గడియ పెట్టమంది. కరీమున్ పెట్టింది. ఆ పాత చెక్క తలుపు ఎంతసేపు ఆపుతుందో ఇద్దరికీ తెలుసు. బిడ్డ నోరు తెరిచి ఉంది, ఏడుపు బయటికి రావడం లేదు.

"మాటిచ్చావు పిన్నీ" అంది శ్రీరమ్య.

అవునంది కరీమున్. ఆమె పక్కన కూర్చుని, వెనక నుంచి వీపు ఆనేలా పట్టుకుంది. పురిటి గదిలో కూడా అలాగే పట్టుకుంది. అప్పుడు కరీమున్‌కు తోచిన పని అదొక్కటే. ఆ పట్టులో శ్రీరమ్య బిగువు సడలి, నాలుగు రోజులుగా దాచుకున్నది మెల్లగా బయటపడింది. పాలివ్వబోతే తనకూ ఓర్చుకోలేకుండా ఉంటోందట. అత్తకు చెబితే పాలు చెడ్డవంటుందని, పోతపాలు పట్టిస్తుందని నోరు మూసుకుందట. పళ్ల బిగువున ఇస్తోందట.

చనుమొనలు పగిలాయేమోనని కరీమున్ చూసింది. పగల్లేదు. చుట్టూ కందినట్టు ఎర్రగా ఉంది. తొలి రోజుల్లో అందరికీ నొప్పేననబోయి, ఆ మాట నోట్లోనే ఆపేసుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఇదే. బాలింతకు అందరూ చెప్పేవాళ్లే, అడిగేవాళ్లు ఉండరు.

"ఎట్టా ఉంటుందే అమ్మాయ్, ఆ నొప్పి? సలుపుతుందా, పొడుస్తుందా?"

శ్రీరమ్య కాస్త ఆలోచించింది. "నొప్పి కాదు పిన్నీ. మంట. దీన్ని ఒళ్లోకి తీసుకున్నాకే మొదలవుద్ది."

బయట కుంపటి విసురుతున్న చప్పుడు వినిపిస్తోంది. కిటికీలోంచి చూస్తే వరండాలో బుల్లయ్య కనిపించాడు. ఏం చేయాలో తోచని మగవాడు ఏదో ఒకటి ఏరుతూ కూర్చుంటాడు. ఆయన గోనెసంచి కుమ్మరించుకుని, వచ్చే ఏడాదికి దాచిన విత్తనం కాయలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు. చూస్తూ ఒకటే తుమ్ముతున్నాడు. కరీమున్ చూపు ఆ గోనెసంచి మీద ఆగిపోయింది. మూట విప్పేసి సంచిలో పోశారని ఆయన సణిగిన మాట అప్పుడు చెవికెక్కింది.

ఆ మూట దేంతో కట్టాడు?

ఆవిడ కిటికీ దగ్గరికెళ్లి మెల్లగా అదే అడిగింది. బుల్లయ్య తలెత్తకుండానే చెప్పాడు. మా అమ్మ చీరతోనేనమ్మా, ఆవిడ పోయినకాడ్నుంచీ విత్తనం కాయలు అందులోనే కడతన్నా, ఒక్క కాయకు కూడా పురుగు పట్టలేదు అన్నాడు.

కాయలు కోసొచ్చిన ఆడవాళ్లు చేతులు నీళ్లలో పెట్టరు. ముందు నూనె రుద్దుకుంటారు, ఘాటంతా ఆ నూనెలోకి దిగాకే కడుక్కుంటారు. వట్టి నీళ్లకు మిరప ఘాటు వదలదు, కాలవలో బండకేసి ఎంత బాదినా వదలదు. నూనెకే వదులుతుంది. నాలుగు రోజులుగా తను చేసిందేమిటి? లేత ఒంటికి నూనె పట్టించి, ఏళ్ల తరబడి మిరపకాయలు తాగిన బట్టలో చుట్టింది. చుట్టిన ప్రతిసారీ ఆ నూనె ఘాటును లాగి బిడ్డ ఒంటికి రాసింది. తన చేతులు శుభ్రంగా ఉన్నాయని మురిసిపోయింది గానీ, ఆ చేతుల్లో ఉన్న గుడ్డ ఎక్కడిదని అడగలేదు.

బిడ్డ మీది చీరముక్క తీసి వాసన చూసింది. ఏమీ తెలియలేదు. ఊరంతా అదే వాసన, ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. చేత్తో నలిపింది. తోడు కూర్చోని ఏడాదుల్లో కాయలు కోసి మొద్దుబారిన చెయ్యి, దానికేం తెలుస్తుంది? చివరికి ఆ అంచును కింది కనురెప్ప లోపలికి అద్దుకుంది. మొదట ఏమీ కాలేదు. పొరపడ్డానేమో అనుకుంది. అంతలో కన్ను భగ్గుమంది.

బయట చెంచయ్య కొమ్ము కాలిందని చెప్పాడు. బసవమ్మ తలుపు తట్టింది.

కరీమున్ గడియ తీసింది. బిడ్డ అప్పటికి ఒంటి మీద ఏమీ లేకుండా దూది పరుపు మీద ఉంది. చెంచయ్య చేతిలో పటకారు, దాని కొసన పసుపుకొమ్ము ఎర్రగా పొగ కక్కుతోంది. నీ చీరే బిడ్డను కాలుస్తోందని చెబితే బసవమ్మ ఏమంటుంది? కట్టుకథంటుంది. నూరేళ్లు బతికిన అత్తగారి చీర మీద నింద వేసినందుకు మెడపట్టి గెంటుతుంది. అందుకని కరీమున్ ఏమీ చెప్పలేదు. చీరముక్క రెండు చేతుల్లో పట్టుకుని ముందుకు చాచింది.

"ఆ పని చేసే ముందు మీ అత్తగారి చీర ఒక్కసారి కళ్లకద్దుకో వదినా. పెద్దావిణ్ణి తలుచుకుని గట్టిగా అద్దుకో."

అది కాదనగలిగే మాట కాదు. బసవమ్మ చీరముక్క అందుకుని, కళ్లు మూసుకుని, అత్తగారిని తలుచుకుంటూ రెండు కళ్లకూ నిండా ఒత్తుకుంది. తెరిచింది. మళ్లీ ఒత్తుకోబోయి ఆగిపోయింది. కళ్లు చికిలించింది. చేత్తో రుద్దుకుంది, దాంతో మంట ఇంకాస్త ఎక్కింది. చీరముక్క వంక చూసింది, గోనెసంచి వంక చూసింది, పరుపు మీద ఒళ్లంతా దద్దుర్లతో పడున్న పసిగుడ్డు వంక చూసింది.

ఎవరూ ఏమీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఆమె కూడా ఆ ఊరి మనిషే, వేల బస్తాల కాయ కోయించిన మనిషే. గుమ్మంలోనే కూలబడిపోయింది.

కరీమున్ ఇక ఆగలేదు. ముందు తన చేతులు నూనె రుద్ది కడుక్కుని, కొబ్బరినూనెలో దూది ముంచి, బిడ్డను ముడతల్లో సందుల్లో ఒత్తకుండా తుడిచింది. ఆ దూది పారేసి మళ్లీ కొత్త దూదితో తుడిచింది. శ్రీరమ్యకు కూడా నూనె రాసి, తుడిచి, గోరువెచ్చటి నీళ్లతో కడిగించి, వేరే చీర కట్టించింది. రంజాన్ కుట్టిన పరుపు గలేబును విప్పి, తిరగేసి బిడ్డకు అదే చుట్టింది. ఆ ఇంట్లో మిరప తగల్లేదని ఆవిడ నమ్మగలిగిన బట్ట అదొక్కటే. చెంచయ్య పటకారు పట్టుకుని గుమ్మం బయట నిలబడే ఉన్నాడు. ఉండమని గానీ పొమ్మని గానీ ఆయనకెవరూ చెప్పలేదు.

బిడ్డ రొమ్ము పట్టింది, వదిలేసింది. శ్రీరమ్య కళ్లు మూసుకుంది. కరీమున్ వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని కదలకుండా కూర్చుంది. బిడ్డ మళ్లీ తడుముకుంది, పట్టుకుంది, ఈసారి వదల్లేదు. గుటక పడిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఆగకుండా.

బయట కొమ్ము నల్లబడి పొడిపొడిగా రాలిపోయింది. చెంచయ్య కుంపటి మీద చెంబెడు నీళ్లు పోసి, కండువా దులుపుకుని, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మొదటివాడికి కూడా ఇదే అయ్యుంటుందా అని శ్రీరమ్య అడిగింది. అవునంటే ఒక బాధ, కాదంటే ఇంకో బాధ. కరీమున్ అబద్ధం చెప్పలేదు. తెలియదమ్మా అంది, ఆమె జుట్టు సర్దుతూ అలాగే కూర్చుంది. తాగినా సరే సాయంత్రం లోపల ఆస్పత్రిలో చూపించి తీరాలని, ఆటో తెమ్మని గదిలోంచే కోటేష్‌కు చెప్పింది. ఈసారి ఎవరూ అడ్డం చెప్పలేదు.

కోటేష్ బయల్దేరబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. గుమ్మంలో కూర్చున్న బసవమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ కళ్లు వాచి, ఎర్రగా నీరు కారుతున్నాయి. కడుక్కోమని కరీమున్ రెండుసార్లు చెప్పినా లేవలేదు.

"నువ్వు పుట్టింది కూడా కాయలు ఎండేసిన రోజుల్లోనేరా" అంది.

కోటేష్‌కు అర్థం కాలేదు.

"నిన్ను చుట్టింది కూడా అటక మీది గుడ్డలోనే. నీకూ మంటేనేమో. నాకేం తెలుసు."

బసవమ్మ పక్కనున్న నూనె గిన్నెలో వేలు ముంచి, కొడుకు చొక్కా పైకెత్తి, బొడ్డు పక్కనున్న మచ్చ మీద నూనె రాసింది. దాని పక్కదాని మీద కూడా రాసింది. ఆ మంట ఆరి ఎన్నో ఏళ్లయింది. కోటేష్ ఆ మాట అనలేదు. తల్లి అన్నిటికీ రాసేదాకా చొక్కా అంచు పైకి పట్టుకుని నిలబడ్డాడు.